రేపల్లె నుదురు

నా దగ్గరకు దెయ్యాలు ఫొటోల్లో వస్తుంటాయి. పెళ్ళి గ్రూపు ఫొటోలో వెనక వరసలో తెల్లటి మనిషి నిలబడ్డాడని ఒకరు, పోయిన మామగారు కిటికీ అద్దంలో కనిపిస్తున్నారని ఇంకొకరు తీసుకొస్తారు. చూస్తే లెన్సు మీద వేలిముద్రో, అద్దంలో పడిన ఫ్లాష్ వెలుగో, కెమెరా ముందు ఎగిరిన దుమ్మో అయివుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. ఒక్కటంటే ఒక్కటి కూడా నన్ను ఆశ్చర్యపెట్టలేదు. రెండు నిమిషాల్లో తుడిచేసి, టీ తాగి, ఇంకో ఫొటో తెరుస్తాను.

కాబట్టి నన్ను భయస్థుల్లో జమకట్టకండి. మాది లూథరన్ కుటుంబం. దేవుడంటే నమ్మకం ఉంది, ఆదివారం చర్చికి వెళ్తాను. దెయ్యాల మీద మాత్రం చిన్నప్పటి నుంచీ గురి లేదు. ఇప్పుడు నేను రాయబోయేది దెయ్యం సంగతో కాదో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు అనుమానం ఉన్న చోట అనుమానం ఉందనే రాస్తాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

నేను ఫొటోల్లో మొహాలు నున్నగా చేస్తాను. తెనాలిలో స్టేషనుకు దగ్గర్లో మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. బాపట్ల, చీరాల, రేపల్లె స్టూడియోల వాళ్ళు ఫొటోలు పంపిస్తారు. పెళ్ళికూతుళ్ళు, ఓణీల ఫంక్షన్లు, ఫ్లెక్సీల మీదికి నాయకులు, కాలం చేసినవాళ్ళు. అందరూ అడిగేది ఒకటే. మొటిమలు తీసెయ్యండి, కళ్ళ కింద నలుపు తీసెయ్యండి, కొంచెం తెల్లగా చెయ్యండి, బొమ్మలా ఉండాలి. మనదేం పోయింది, చేస్తాను.

అయితే చర్మాన్ని అలా నున్నగా చేసుకుంటూ పోతే మొహం ఒలిచిన కోడిగుడ్డులా తయారవుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు అక్కడితో ఆపేస్తారు. పని తెలిసినవాడు ఆ నునుపు మీద మళ్ళీ పల్చగా చర్మం కప్పుతాడు. నిజం మనిషి చర్మంలో ఉండే సన్నటి గరుకు, చిన్న చిన్న రంధ్రాలు, నూగు. చూసేవాళ్ళకు అది ఉన్నట్టే తెలియదు, కానీ అది ఉంటేనే మొహానికి ప్రాణం వస్తుంది. ఆ గరుకుని ఎక్కడి నుంచో తేవాలి కదా. ఏదో ఒక మంచి ఫొటోలోంచి అగ్గిపెట్టెంత చర్మం ముక్క కత్తిరించి దాచుకుంటాం. దాన్నే అందరి మొహాలకీ అతుకుతాం. ఈ పని చేసే చాలామంది దగ్గర అలాంటి ముక్క ఒకటి ఉంటుంది. అడిగినా ఎవరూ ఇవ్వరు.

నా ముక్క పేరు 'రేపల్లె నుదురు'. కంప్యూటర్లో ఆ పేరుతోనే ఉంటుంది.

కరోనాకు ముందు నేను రేపల్లెలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి వెళ్ళి, సాయంత్రం రైలుకు తిరిగొచ్చేవాణ్ణి. ఒకరోజు చెరుకుపల్లి నుంచి ఒకావిడ వచ్చింది. పేరు సువార్తమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి, పొలం పనులకు వెళ్ళే మనిషి. ఆవిడ చేతిలో కూతురి ఫోను ఉంది. కూతురి పేరు కెజియా, డిగ్రీ రెండో ఏడు. జ్వరం వస్తే గుంటూరు తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చారట. ఆరో రోజున పోయింది. ఆదివారం నాడు ఇంటి దగ్గర ఆదరణ కూడిక పెట్టుకున్నారు. అక్కడ పెట్టడానికి పెద్ద ఫొటో కావాలి.

ఫోనులో ఒక ఫొటో చూపించింది. స్నేహితురాలెవరో ఆ ఫోనుతోనే తీసిందట. కెజియా కిటికీ పక్కన కూర్చుని, తల కొంచెం పైకెత్తి నవ్వుతోంది. గడ్డం మీద రెండు మొటిమలు, ఎడమ కనుబొమ దగ్గర చిన్నప్పుడెప్పుడో దెబ్బ తగిలిన గీత. పొద్దుటి వెలుగు పక్కనుంచి నుదుటి మీద పడుతోంది. నా కళ్ళు ఆ నుదుటి మీదే ఆగిపోయాయి. ఫోను ఫొటోలో అంత స్పష్టంగా చర్మం దొరకడం చాలా అరుదు. పని మొదలుపెట్టకముందే ఒక ముక్క కత్తిరించి పక్కన పెట్టుకున్నాను. ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూర్చునే ఉంది. అడగాలని కూడా నాకు తోచలేదు.

తర్వాత అందరికీ చేసేదే చేశాను. మొటిమలు తీశాను, గీత తీశాను, రంగు తేల్చాను, కిటికీ తీసేసి మేఘాలు పెట్టాను. పైన సిలువ, కింద వాక్యం. నాకే ముచ్చటేసింది. ఆవిడ ఫ్రేము అందుకుని చాలాసేపు చూసింది. తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత తిరిగొచ్చి ఫ్రేము బల్ల మీద పెట్టింది.

“బాబూ, ఇది మా పిల్ల కాదు. పాతదే తీసియ్యండి.”

మొటిమలతో సహానా అని అడిగాను. అవునంది. కనుబొమ దగ్గర గీత కూడా ఉండాలంది. సరేనని కంప్యూటర్ తెరిస్తే అప్పుడు తెలిసింది నేను వెలగబెట్టిన ఘనకార్యం. తొందరలో పాత ఫొటో మీదే కొత్తది సేవ్ చేసేశాను. ముందు కాపీ తీసుకుని దాని మీదే పని చెయ్యాలని ఈ పనిలో మొదటిరోజే నేర్పుతారు. పదిహేనేళ్ళు చేసినవాడు చెయ్యాల్సిన తప్పు కాదు. ఫోను ఏదమ్మా అంటే, ఛార్జింగ్ ఎక్కడం లేదని రిపేరుకిచ్చిందట. అతనెవరో అందులో ఉన్నదంతా తుడిచేసి బాగుచేసి చేతికిచ్చాడు. ఇంకేమైనా ఫొటోలున్నాయా అని అడిగాను. ఆధార్ కార్డు మీద ఒకటి, హాల్‌టికెట్టు మీద ఒకటి ఉన్నాయంది. ఆధార్ కార్డు ఫొటోలో మనల్ని మనమే గుర్తుపట్టలేం, కూతుర్ని ఏం వెతుక్కుంటుంది?

అప్పుడు నేను అబద్ధం చెప్పాను. మీరిచ్చిందే అలా ఉందమ్మా, నేను కొంచెం వెలుగు పెంచానంతే అన్నాను. ఆవిడ నావంక చూసింది, ఫ్రేము వంక చూసింది, దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆవిడ మెట్లు దిగుతుండగా నాకు ఆ ముక్క గుర్తొచ్చింది. వట్టి నుదుటి ముక్క ఆవిడకెందుకులే అని ఊరుకున్నాను. ఈ మాట రాయడానికి ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంది.

కరోనాలో ఆ స్టూడియో మూతపడింది. అక్కడి కంప్యూటర్లు ఎటు పోయాయో తెలియదు. నేను తెనాలిలో సొంతంగా మొదలుపెట్టాను. పెన్‌డ్రైవ్‌లో నాతో వచ్చిన కొద్ది ఫైళ్ళలో రేపల్లె నుదురు ఒకటి.

ఆ తర్వాత దాన్ని ఎంతమందికి అతికానో చెప్పలేను. అరవై ఏళ్ళ తాతగారికీ అదే, పద్దెనిమిదేళ్ళ పెళ్ళికూతురికీ అదే. మీసాలు మెలేసిన వార్డు నాయకుడు ఫ్లెక్సీ మీద నవ్వుతుంటే ఆ బుగ్గల మీద ఉన్నదీ అదే. కొన్నాళ్ళకు ఆ అమ్మాయి పేరు మర్చిపోయాను. ముక్క పేరే మిగిలింది.

పోయిన నవంబరులో బాపట్లలో రిటైరైన హెడ్మాస్టరుగారొకరు చనిపోయారు. ఆయన ఫొటో నేనే చేశాను. బాపట్ల స్టూడియో ప్రసాదు నాకు పాత స్నేహితుడు, అతని ద్వారా వచ్చిన పని. ఫ్రేముకు వెనక స్టాండు వదులుగా ఉందంటే, బిగించడానికి జ్ఞాపకార్థ కూడిక నాటి పొద్దున నేనే స్వయంగా వెళ్ళాను. షామియానా కింద యాభై అరవై మంది ఉన్నారు. పని అయిపోయాక వెంటనే వెళ్ళిపోతే బాగుండదని ఒక పక్కన నిలబడ్డాను.

ఒక్కొక్కరే వచ్చి ఫొటో ముందు పూలు పెట్టి వెళ్తున్నారు. ఆ వరసలో సువార్తమ్మ కనిపించింది. జుట్టు తెల్లబడింది గాని నేను వెంటనే గుర్తుపట్టాను. ఆ హెడ్మాస్టరుగారు ఒకప్పుడు చెరుకుపల్లిలో పనిచేశారని, కెజియాకు చదువు చెప్పారని తర్వాత తెలిసింది. నేను మాత్రం దొంగలా గుంజ వెనక్కి జరిగాను.

ఆవిడ పూలు పెట్టలేదు. కుడిచెయ్యి తిప్పి, పిల్లలకు జ్వరం చూసినట్టు, చేతి వెనక భాగాన్ని ఆయన నుదుటి దగ్గర అద్దానికి ఆనించింది. తియ్యలేదు. వెనక వరస ఆగిపోయింది.

“ఇది మా కెజియా నుదురండి,” అంది. ప్రత్యేకంగా ఎవరితోనూ అనలేదు.

హెడ్మాస్టరుగారి కోడలు వచ్చి భుజం పట్టుకుంది. “రండి పిన్నిగారూ, కాసేపు కూర్చుందురుగాని.”

పాపం, కూతురు పోయినప్పటి నుంచీ అంతేనని నా పక్కనున్నవాళ్ళు గుసగుసలాడారు. అక్కడున్న అంతమందిలో ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరితోనూ చెప్పకుండా స్టేషనుకు నడిచి తెనాలి వచ్చేశాను.

రాగానే ఆ ఫొటో ఫైలు తెరిచి చూశాను. ఉంది. రేపల్లె నుదురు, నుదుటి మీదా బుగ్గల మీదా.

ఏదో ఒక కారణం ఉంటుందనుకున్నాను. ఆయన ఆ అమ్మాయి మాస్టారు కాబట్టి ఆయన్ని చూడగానే కూతురు గుర్తొచ్చి ఉంటుంది. అది ఒప్పుకోదగ్గ మాటే. కానీ నుదురే ఎందుకనాలి? నేను ఆ ముక్కని వందల రెట్లు పెద్దది చేసి చూశాను. అది ఎవరిదో నేనే చెప్పలేను. పైగా ఆవిడ కళ్ళతో చూసి చెప్పలేదు, చేత్తో చెప్పింది. మధ్యలో అద్దం ఉంది.

నా భార్య శాంతి నర్సు. ఇలాంటి మాటలు ఆమె దగ్గర అస్సలు చెల్లవు. మొత్తం విని ఒకే మాట అంది. “ముందు మీరు చేసింది ఆవిడకి చెప్పండి. మిగతా సంగతి తర్వాత.”

నేను అలా చెయ్యలేదు. ముందు పరీక్ష పెట్టాను. నా బుద్ధి అలాంటిది.

ప్రసాదు స్టూడియో గోడ మీద నేను చేసిన ఫొటోలు ఫ్రేములు కట్టి పద్నాలుగు ఉన్నాయి. వాటిలో కొన్నిటికి రేపల్లె నుదురు వాడాను, కొన్నిటికి తర్వాత ఇంటర్నెట్‌లో కొనుక్కున్న వేరే చర్మం ముక్కలు వాడాను. వేటికి ఏది వాడానో నాకే గుర్తులేదు, ఫైళ్ళు తెరిస్తే గాని తెలియదు. అదే మంచిదనుకున్నాను. నాకే తెలియనప్పుడు నా మొహం చూసి ఆవిడ కనిపెట్టే వీలుండదు. చెరుకుపల్లి చర్చి వాళ్ళ ద్వారా ఆవిడ నంబరు పట్టుకుని, రేపల్లె స్టూడియో వాణ్ణి, మీ అమ్మాయి ఫొటో సంగతి మాట్లాడాలి, బాపట్ల రాగలరా అని అడిగాను. మర్నాడు పదింటికల్లా బస్సు దిగింది. ప్రసాదు లోపల పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటున్నాడు.

ఈ ఫొటోలు ఒకసారి చూడండమ్మా అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ ఎందుకని అడగలేదు. మొదటి ఫ్రేము దగ్గర నిలబడి చేతి వెనక భాగం ఆనించి, తీసేసి, రెండో దాని దగ్గరికి వెళ్ళింది. మూడో దాని దగ్గర ఆగింది. అలా పద్నాలుగూ చూసి అయిదింటి దగ్గర ఆగింది. అందులో ఒకటి ఏడాది బాబు ఫొటో. దాని మీద చెయ్యి అటూ ఇటూ జరిపి, “ఇందులో సగమే ఉంది” అంది. నేను ఒక కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాను.

చివరి ఫ్రేము దగ్గర ఆవిడ కుర్చీలో కూలబడింది.

“ఆగినవన్నీ కాలిపోతున్నాయి బాబూ. ఆస్పత్రిలో లోపలికి తీసుకుపోయేటప్పుడు నూట నాలుగుందండి. తలుపు దాకా నా చెయ్యి నుదుటి మీదే ఉంది. ఇక్కణ్ణించి రాకూడదమ్మా అన్నారు, తీసేశా. తర్వాత తగ్గిందో లేదో ఎవరూ చెప్పలా.”

“పిల్లని మా చేతికిచ్చినప్పుడు చల్లగానే ఉంది. అది తగ్గడం కాదు గదా” అంది.

ఆవిణ్ణి బస్సెక్కించి వచ్చాను.

ఆ సాయంత్రం పద్నాలుగు ఫైళ్ళూ తెరిచి కాగితం పక్కన పెట్టుకున్నాను. రేపల్లె నుదురు వాడినవి అయిదు. ఆవిడ ఆగినవే ఆ అయిదు. చీరాల పెళ్ళికూతురి ఫొటోకి మాత్రం వేరే చర్మం వాడానని నేను పందెం కాసేవాణ్ణి, ఆవిడ దాని దగ్గర కూడా ఆగింది. ఫైలులో చూస్తే ఆవిడే రైటు. ఇక ఏడాది బాబు సంగతి. పసిపిల్లలకు పెద్దవాళ్ళ చర్మం ముతకగా కనిపిస్తుందని ఆ పొర బలాన్ని తగ్గించి పెట్టాను. ఎంతకు తగ్గించానో చూశాను. యాభై శాతం.

మర్నాడు చెరుకుపల్లి వెళ్ళి ఆవిడకు అంతా చెప్పాను. పాత ఫొటోని నేనే పోగొట్టానని, అబద్ధం చెప్పానని, ముక్క దాచుకున్నానని, ఇన్నేళ్ళూ ఊరందరికీ అతికానని. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆవిడ గుమ్మం పక్కన కూర్చుని, చేటలో బియ్యం ఏరుకుంటూ వింది.

“ఆ ముక్క ఇంకా ఉందా?”

“ఉందమ్మా.”

“అది నాకియ్యండి. మొహమొద్దు. మొహం పెడితే మళ్ళీ మీరేదోటి చేస్తారు.”

ముక్క ఒక్కదాన్నే పన్నెండు బై పద్దెనిమిది సైజుకి పెంచి ప్రింటు తీశాను. చూస్తే అదేమిటో ఎవరికీ తెలియదు. గోధుమరంగు కాగితం, దగ్గరకు వెళ్తే సన్నటి గీతలు. దాంతోపాటే ఒక పెళ్ళి ఫొటో కూడా ప్రింటు తీసి రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ముక్క వేడిగా తగిలింది. ప్రింటర్లోంచి అప్పుడే వచ్చింది కదా అనుకున్నాను. రెండు గంటల తర్వాత పెళ్ళి ఫొటో చల్లగా ఉంది, ముక్క మాత్రం అలాగే ఉంది.

మా సొరుగులో కరోనా రోజుల్లో కొన్న జ్వరం చూసే గన్ను ఒకటి పడి ఉంది. నుదుటికి గురిపెట్టి మీట నొక్కితే అంకె చూపిస్తుంది. చవకది. మే నెలలో అయితే మా గోడలక్కూడా జ్వరం చూపిస్తుంది, అందుకని దాన్ని నేను పెద్దగా నమ్మను. కానీ అది డిసెంబరు. గోడకు పెడితే మనిషి వేడి లేదని 'లో' అని చూపించింది. బల్లకు, పెళ్ళి ఫొటోకు కూడా 'లో'. ముక్కకు పెడితే నూట మూడు పాయింటు రెండు.

బ్యాటరీ మార్చాను. అదే అంకె. శాంతిని పిలిచాను. ఆమె ముందు నా నుదుటికి పెట్టింది, తొంభై ఏడున్నర. తర్వాత కాగితానికి పెట్టింది. ఒక కాగితం తెచ్చి, ఆస్పత్రిలో రాసినట్టు టైము, అంకె రాసింది. మూడు రోజులు పొద్దునా సాయంత్రం చూసింది. పొద్దున నూట రెండు, నూట రెండున్నర ఉండేది. సాయంత్రానికి నూట నాలుగు దాటేది.

“జ్వరాలు ఇలాగే ఉంటాయి,” అంది మూడో రోజున. “తీసుకెళ్ళి వాళ్ళమ్మ దగ్గర పెట్టెయ్యండి. ఇది ఇక్కడ ఉండాల్సింది కాదు.”

ఫ్రేము కట్టించి తీసుకెళ్ళాను. గోడకు పైన మేకు కొట్టబోతే ఆవిడ ఒప్పుకోలేదు. తను కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తులో కొట్టించింది. ఇంటికొచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే ఏం చెబుతారమ్మా అన్నాను. ఏమీ చెప్పనంది. పనికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చెయ్యి ఆనించి చూస్తుందని పక్కింటివాళ్ళు చెప్పారు. తడిగుడ్డ కూడా వేస్తుందట. అద్దం మీద తడిగుడ్డ వేస్తే ప్రింటు పాడైపోతుందని నాకు తెలుసు. అయినా వద్దనలేదు.

రెండు నెలలు గడిచాయి. ఫిబ్రవరిలో ఒక పొద్దున పదిన్నరకు ఫోను మోగింది.

“బాబూ, తగ్గింది. చెమట పట్టి తగ్గింది. ఇప్పుడు చల్లగా ఉందండి.”

ఆవిడ గొంతు అలా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు. ఉన్నపళంగా గన్ను సంచిలో పడేసుకుని బయల్దేరాను. వెళ్ళేసరికి పన్నెండు దాటింది. ఆవిడ ఆ రోజు పనికి వెళ్ళలేదు. ఫ్రేము ముందు చాప వేసుకుని కూర్చుంది. అద్దానికి లోపలివైపు సన్నటి నీటిచుక్కలు నిండా పట్టి ఉన్నాయి. కొన్ని కిందికి జారి చెక్క అంచు తడిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు గాలిలో తేమ ఎక్కువ. ఫ్రేముల్లో చెమ్మ పట్టడం వింత కాదు, పైగా ఆవిడ తడిగుడ్డలు వేస్తోంది. అది నేను ఎక్కడైనా ఒప్పుకుంటాను. గన్ను తీసి గురిపెట్టాను. 'లో' అని చూపించింది. ఇంకో మూడుసార్లు పెట్టాను. 'లో'. అద్దం తడిగా ఉంటే గన్ను సరిగ్గా చూపించకపోవచ్చు, అదీ ఒప్పుకుంటాను.

నేను కూడా చేతి వెనక భాగం ఆనించి చూశాను. చల్లగా ఉంది. పోయినవాళ్ళ చల్లదనం నాకు తెలుసు, మా నాన్నను ముట్టుకున్నాను. ఇది అది కాదు. జ్వరం విడిచి నిద్రపట్టిన పిల్ల నుదురు ఎలా ఉంటుందో అలా ఉంది. ఇది రుజువు కాదని నాకు తెలుసు. నాకు అనిపించింది రాస్తున్నానంతే.

చుక్కలు తుడిచి ఫ్రేము మళ్ళీ కట్టిస్తాను, ఇవ్వండమ్మా అన్నాను.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. “కదపమాకండి బాబూ. ఆరు రోజులు కన్ను మూయలేదు పిల్ల. పడుకోనియ్యండి.”

తిరుగు బస్సులో తెనాలి వస్తుంటే ప్రసాదు ఫోను చేశాడు.

“ఏంటి అన్నయ్యా నీ ప్రింట్లు? పొద్దున షాపు తీసేసరికి గోడ మీద ఫొటోలకి లోపల నీళ్ళు పట్టేసున్నాయి. అన్నిటికీ అయితే సరే అనుకుందును. అయిదింటికే పట్టింది, పక్కనున్నవి పొడిగా ఉన్నాయి. పసిబాబు ఫొటోకి అయితే మరీ వింత, సగం అద్దానికే పట్టింది.”

మిగతా నాలుగూ ఏవని నేను అడగలేదు. వేరేవి చేసి పంపిస్తాలే అని ఫోను పెట్టేశాను. తర్వాత ఎందుకో ఆపుకోలేనంత ఏడుపొచ్చింది. పక్కసీటులో పెద్దాయన, ఏం బాబూ, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని అడిగాడు. లేదండి, తగ్గిందట అన్నాను.

తేమ అనుకుని చూశాను, చవక గన్ను అనుకుని చూశాను, తల్లి దుఃఖం అనుకుని చూశాను. దేనికది సరిపోయినట్టే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే పసిబాబు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాను. శాంతి రాసిన కాగితం నా దగ్గర ఉంది. ఆమె దాని గురించి మాట్లాడదు, నేనూ కదపను.

ఇప్పుడు ఎవరు ఫొటో తెచ్చినా ముందు కాపీ తీసి దాచిపెట్టాకే పని మొదలుపెడుతున్నాను. నునుపు చేశాక పైన కప్పడానికి నా చేతి వెనక చర్మాన్నే ఫొటో తీసి పెట్టుకున్నాను. అంత బాగా అతకదు, అయినా అదే వాడుతున్నాను. రేపల్లె నుదురు కంప్యూటర్లో అలాగే ఉంది. తుడిచెయ్యడానికి చెయ్యి రాలేదు. తెరిచి చూద్దామని అప్పుడప్పుడు అనిపిస్తుంది గాని తెరవను. పడుకోనియ్యమని వాళ్ళమ్మ చెప్పింది.